పాత హైలక్స్ పికప్ మా అమ్మాయికి మొదటి బండి: ముందు ఏం మార్చాలి, ఏం ముట్టుకోకూడదు?

రాతిబాట

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన 1994 మోడల్ టయోటా హైలక్స్ షెడ్డులో ఉంది. సింగిల్ క్యాబ్, 2.4 లీటర్ల డీజిల్, అయిదు గేర్లు, టూ వీల్ డ్రైవ్. వెనక కమాన్ కట్టలు (పట్టీ స్ప్రింగులు), ముందు టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). బ్రేకులు ముందు డిస్కు, వెనక డ్రమ్ము. ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగులు లేవు. ఇంజను ఒక్క సెల్ఫుకే అందుకుంటోంది, పొగ కూడా పెద్దగా లేదు.

మా అమ్మాయికి లెర్నర్ లైసెన్సు వచ్చింది. వేరే బండి వద్దు, తాతయ్య బండే కావాలంటోంది. తను రాసుకున్న పనులు ఇవి: బండిని మూడు అంగుళాలు ఎత్తడం, 15 అంగుళాల రిమ్ములకు 235/75 టైర్లు, పైన ఎల్‌ఈడీ బారు, గట్టిగా వినిపించే సైలెన్సరు. నేను అనుకున్నవి బ్రేకులు, సీటు బెల్టులు, లైట్లు. డబ్బు రెండింటికీ సరిపోదు. వెల్డింగ్ తప్ప మిగతా పని సెలవు రోజుల్లో ఇద్దరం కలిసి చేసుకుందామని ఉంది. తనూ ఈ చర్చ చదువుతుంది, కాబట్టి ఏ పని ఎందుకో కారణంతో సహా చెప్పండి.

గ్రీజుపానా

రెండు లిస్టులూ పక్కన పెట్టి ముందు బండి కిందికి దూరండి. చాసిస్, అంటే కింది ఇనుప చట్రం, బాగుంటేనే మిగతా మాటలన్నీ.

మొండి స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, టార్చి తీసుకోండి. వెనక ఇరుసు దగ్గర చాసిస్ పైకి వంపు తిరిగే చోటు, కమాన్ కట్టల హ్యాంగర్లు రివెట్ చేసిన చోటు, క్యాబ్ వెనక బురద పేరుకునే మూలలు, ముందు స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు చూడండి. ఇనుము బాగుంటే సుత్తి ఖణేల్‌మంటుంది. తుప్పు లోపలినుంచి తినేసి ఉంటే శబ్దం మొద్దుగా వస్తుంది. అక్కడ స్క్రూడ్రైవరు కొనతో గట్టిగా పొడవండి. పెచ్చులు రాలి కింద గట్టి ఇనుము తగిలితే పర్లేదు, లోపలికి దిగితే మాత్రం ఆపండి. హ్యాంగర్ దగ్గరో స్టీరింగ్ బాక్సు దగ్గరో చిల్లు పడితే అది చాసిస్ పని తెలిసిన వెల్డరు చూడాల్సిన విషయం. పైన రేకు అతికించి నల్ల రంగు కొట్టేస్తే బాగైనట్టు కాదు. కింద ఎక్కడైనా దళసరిగా తారు పూసి కనిపిస్తే అక్కడ ఇంకా జాగ్రత్తగా వెతకండి.

చాసిస్ పక్కన పోయే బ్రేకు పైపుల్ని క్లిప్పుల దగ్గర చూడండి. తడి నిలిచేది అక్కడే కాబట్టి ముందు అక్కడే తింటుంది.

ఇంకో మాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, బండిని ఒకసారి ఊపి చూశాకే దూరండి. పాపకు నేర్పే మొదటి పాఠం ఇదే కావాలి.

మలుపులో_నెమ్మది

మీ మనసు నొప్పించాలని కాదు గానీ, ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి. కొత్తగా నేర్చుకునే పిల్లకు ఈ బండేనా ఇవ్వాల్సింది?

కొత్త డ్రైవర్లు మలుపు దగ్గర వేగం తప్పుగా అంచనా వేస్తారు, కంగారుపడి స్టీరింగ్ లాగేస్తారు. అలాంటప్పుడు ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి బండిని దారిలో పెట్టేది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే ఈఎస్‌సీ. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది, యూరప్‌లో 2014 నుంచి. మీ బండి అంతకు చాలా ముందుది. పైగా పికప్ ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువే ఉండదు. తడి రోడ్డు మీద వెనక భాగం పక్కకు కొట్టుకుపోతే అనుభవం ఉన్నవాళ్లకే చేతులు తడబడతాయి.

మీరెంత మార్చినా ఈ బండికి ఈఎస్‌సీ రాదు. ఉన్న డబ్బుతో ఈఎస్‌సీ, ఎయిర్‌బ్యాగులు ఉన్న పాత చిన్న కారు చూసి, పికప్‌ని ఇద్దరూ కలిసి బాగుచేసుకునే బండిగా ఉంచుకోవచ్చు కదా?

రాతిబాట

మలుపులో_నెమ్మది గారూ, నొచ్చుకోవడానికేం లేదు. ఈ మాట మా ఇంట్లో కూడా చర్చకు వచ్చింది. రోజూ దూరాలు తిరగడానికి ఇంట్లో వేరే కారు ఉంది, డ్రైవింగ్ దాని మీదే నేర్పిస్తున్నాను. పికప్ దగ్గర దారులకే. రాత్రిపూట, వాన పడుతున్నప్పుడు తీయకూడదు. మొదట్లో స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు, వెనక తొట్టిలో ఎవర్నీ ఎప్పుడూ కూర్చోబెట్టకూడదు. ఈ షరతులకు తను ఒప్పుకుంది. అయినా మీరు చెప్పింది మళ్లీ ఒకసారి మాట్లాడుకుంటాం.

డ్రమ్ముబ్రేకు

నేను బ్రేకుల పని చేస్తాను, కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను. షెడ్డులో చాలాకాలం ఉన్న బండికి బ్రేకు పెడల్ గట్టిగా తగిలినంత మాత్రాన బ్రేకులు బాగున్నట్టు కాదు.

వెనక డ్రమ్ములు విప్పండి. వీల్ సిలిండరుకు (బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కేది ఇదే) రెండు వైపులా రబ్బరు తొడుగులు ఉంటాయి. చిన్న స్క్రూడ్రైవరుతో తొడుగు అంచు కొద్దిగా ఎత్తి లోపల చూడండి. తడిగా ఉంటే సిలిండరు లీకవుతున్నట్టే, రెండు వెనక చక్రాలకూ కలిపి మార్చేయండి. షూల మీద ఆయిల్ పడి ఉంటే పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించేవాళ్లున్నారు. అలా చేయకండి. లైనింగు లోపలికి పీల్చుకున్న ఆయిల్ వేడికి మళ్లీ పైకొస్తుంది. షూలు కొత్తవి వేయండి. లోపలి పొడిని కంప్రెసరు గాలితో ఊదొద్దు, పాత షూలలో పీలిస్తే హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి గుడ్డతో తుడవండి.

రబ్బరు హోసుల్ని పైపైన చూసి వదిలేయకండి. అవి లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి. కాలితో తొక్కిన ఒత్తిడి చక్రం దాకా వెళుతుంది, కాలు తీశాక వెనక్కి రాదు. కొంత దూరం నడిపి దిగి నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా దగ్గరగా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ హోసో కాలిపరో (డిస్కును నొక్కే భాగం) పట్టేస్తోంది. ఈ వయసు బండికి హోసులన్నీ మార్చేయడమే మేలు.

బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230, 155. దిగుడులో వరసగా బ్రేకు వేస్తే తేమ ఆవిరై పెడల్ నేలకు దిగిపోతుంది. పాతదంతా తీసేసి కొత్తది నింపండి.

ఇక బండి ఎత్తే విషయం. మీ బండికి వెనక ఇరుసు నుంచి చాసిస్‌కి ఒక సన్నటి కడ్డీ, దాని చివర ఒక వాల్వు ఉన్నాయేమో చూడండి. ఈ రకం పికప్పుల్లో చాలావాటికి ఉంటుంది. తొట్టిలో బరువు పెరిగి వెనక భాగం కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. చాసిస్‌ని మూడు అంగుళాలు పైకి లేపితే ఆ వాల్వుకు తొట్టి మామూలు ఖాళీ కంటే ఖాళీగా ఉన్నట్టు తెలుస్తుంది. వెనక బ్రేకులు ఇంకా తగ్గిపోతాయి, భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది. తొట్టి నింపినా వాల్వుకి సరిగ్గా తెలియదు. ఎత్తి కట్టించుకున్న చాలామంది ఈ కడ్డీ సంగతే పట్టించుకోరు. బ్రేకు బాగా పట్టడం లేదని ప్యాడ్లు మారుస్తూ ఉంటారు.

నీలితొట్టి

నమస్తే అందరికీ, నేనే ఆ అమ్మాయిని. నాన్న చెప్పి ఎకౌంటు తెరిపించారు.

డ్రమ్ముబ్రేకు అంకుల్, ఆ కడ్డీ మా బండికి ఉంది. ఇవాళే కింద దూరి చూశాను. బురద గట్టిపడి కదలకుండా ఉంది.

నాకు ఒక్క సందేహం. ఎత్తిన బళ్లు రోడ్డు మీద చాలానే తిరుగుతున్నాయి, అందరూ బాగానే నడుపుతున్నారు. మా బండికి మాత్రం ఎందుకు వద్దు? పెద్ద టైర్లు వేస్తే పట్టు ఇంకా పెరగాలి కదా? "వద్దు" అని ఊరికే చెప్తే నాకు ఎక్కదు, లెక్క చెప్తే వింటాను.

లెక్కలమాస్టారు

అమ్మా, నీ ప్రశ్న సరైనది. లెక్కే చెప్తాను.

మీ బండికి కంపెనీ టైరు 185ఆర్14 అనుకుందాం, తలుపు దగ్గర అతికించిన పట్టీలో చూసి ఖాయం చేసుకో. దాని ఎత్తు సుమారు 652 మిల్లీమీటర్లు. 235/75ఆర్15 ఎత్తు సుమారు 733. అంటే దాదాపు 12.5 శాతం ఎక్కువ. స్పీడోమీటరు గేర్‌బాక్సులో తిరిగే చుట్లను లెక్కపెడుతుంది, టైరు ఎంత పెద్దదో దానికి తెలియదు. ముల్లు 80 మీద ఉంటే నువ్వు నిజంగా 90లో వెళుతుంటావు.

బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 90ని 80తో భాగించి వర్గం చేస్తే 1.27 వస్తుంది. నువ్వు 80 అనుకుంటున్నప్పుడు బ్రేకుల మీద పావు వంతుకు పైగా ఎక్కువ భారం పడుతోందన్నమాట. అక్కడితో అయిపోలేదు. టైరు పెద్దదైతే ఇరుసు నుంచి నేలకు దూరం పెరుగుతుంది. అదే బ్రేకు, అదే తొక్కుడు, కానీ నేల దగ్గర పనిచేసే బలం సుమారు 11 శాతం తగ్గుతుంది. రెండు నష్టాలూ ఒకేసారి.

గేర్లు కూడా బరువెక్కుతాయి. టర్బో లేని 2.4 డీజిల్ ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు కింద పెట్టి లాగాల్సి వస్తుంది.

తడి రోడ్డు మీద పట్టుకి వెడల్పు కంటే రబ్బరు వయసు, గాడుల లోతు ముఖ్యం. టైరు గోడ మీద డాట్ (DOT) అక్షరాల చివర నాలుగు అంకెలు వెతుకు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, గాడులు ఎంత లోతుగా ఉన్నా తీసి పారేయాల్సిందే. స్టెపినీ కూడా చూడు.

కమాన్‌కట్ట

అందరూ కలిసి పాపను భయపెట్టేస్తున్నారు. ఎత్తడంలో మంచి పద్ధతి, చెడ్డ పద్ధతి రెండూ ఉన్నాయి.

చౌక పద్ధతి వెనక ఇరుసుకీ కమాన్‌కీ మధ్య దిమ్మ పెట్టడం, ముందు టార్షన్ బారు బోల్టు బిగించి లేపడం. దిమ్మ పెట్టి క్లచ్ వదిలితే ఇరుసు మెలి తిరగడానికి ఎక్కువ సందు దొరుకుతుంది. దిమ్మ మీద దిమ్మ పెడితే అది ప్రమాదమే. ముందు టార్షన్ బారు బిగిస్తే స్ప్రింగు బలమేమీ పెరగదు, ఆర్ము కిందికి వేలాడి గుంతల్లో దిగడానికి జాగా అయిపోతుంది. స్పీడ్ బ్రేకరు దిగిన ప్రతిసారీ ధణ్ ధణ్‌మని కొడుతుంది, బాల్ జాయింట్లు తొందరగా పోతాయి.

కానీ మీది 1994 బండి. కమాన్ కట్టలు ఈపాటికి చదునై ఉంటాయి. కొత్త కట్టలు, కొత్త బుష్షులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేసి, ముందు టార్షన్ బారును కంపెనీ చెప్పిన ఎత్తుకు సర్దితే బండి దానంతట అదే అంగుళం, అంగుళమున్నర లేస్తుంది. దాన్ని ఎత్తడం అనరు, బండిని తన అసలు ఎత్తుకు తేవడం అంటారు. చూడ్డానికీ ఎంతో తేడా కనిపిస్తుంది. నేను దీనికే ఓటు వేస్తాను. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, ఒకసారి సాగినవి సరిగ్గా బిగుసుకోవు. కొత్తవి వేసి కొద్ది దూరం నడిపాక మళ్లీ టార్క్ పానాతో (ఎంత బిగువో కొలిచి చూపేది) చూడండి. వీల్ నట్లు కూడా అంతే.

డ్రమ్ముబ్రేకు

కమాన్‌కట్ట గారితో ఏకీభవిస్తున్నాను. అసలు ఎత్తుకు తెస్తే వాల్వు కూడా సరిగ్గా పనిచేస్తుంది. నీలితొట్టి, ఆ కడ్డీకి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రెండు రోజులు నాననివ్వు. సుత్తితో కొట్టకు.

వెలుగునీడ

ఎల్‌ఈడీ బారు కొనే ముందు ఒక పరీక్ష చేయండి. ఇంజను నడుస్తుండగా లైట్లు వేసి బ్యాటరీ మీద మల్టీమీటరు పెట్టండి. తర్వాత హెడ్‌లైటు వెనక సాకెట్‌లో, బల్బు తగిలించే ఉంచి, కొలవండి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి బల్బు దగ్గర 12.5 వస్తోందంటే ఆ ఒక్క వోల్టుతోనే హాలోజెన్ బల్బు పావు వంతు వెలుగు పోగొట్టుకుంటుంది. పాత బళ్లలో లైట్ల కరెంటంతా స్టీరింగ్ పక్కనున్న స్విచ్చి గుండానే పోతే అక్కడే నష్టపోతుంది.

దీనికి మందు రిలే వైరింగు (రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి). బ్యాటరీ నుంచి దళసరి వైరు, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు, లో బీముకి ఒకటి హై బీముకి ఒకటి రిలే, ఇంజను బ్లాకుకో చాసిస్‌కో గీకి శుభ్రం చేసిన చోట ఎర్తు. పాత స్విచ్చి రిలేని ఆన్ చేస్తే చాలు. ఇది పాప తన చేత్తో చేయదగ్గ పని, వైరింగు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మొదలు లేదు. మసకబారిన రిఫ్లెక్టర్లు మార్చండి, గోడ ముందు నిలబెట్టి బీము ఎత్తు సర్దండి. వెనక కమాన్లు మార్చాక బీము మళ్లీ చూడాలి, వెనక లేస్తే ముందు వెలుగు కిందికి దిగుతుంది.

హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు వేయొద్దు. వెలుగు చెల్లాచెదురై ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, మన దారి మీద పడదు. కప్పు మీది బారు రోడ్డు మీద వేయడానికి కాదు. అదీ మీ ప్రాంతపు రూల్సు అనుమతిస్తేనే.

సీటుపట్టీ

బెల్టుల గురించి ఎవరూ రాయలేదు, నాకు ముఖ్యమనిపించేది అదే. మూడు చోట్ల బిగించే బెల్టును వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో ఇచ్చాడు, దాన్ని మించింది ఇంకా రాలేదు. ఎయిర్‌బ్యాగు లేని బండిలో మీ పిల్లను పట్టి ఉంచేది ఆ పట్టీ ఒక్కటే.

రీల్ నుంచి బెల్టు పూర్తిగా బయటికి లాగి మొత్తం పొడవు చూడండి. ఎండ తగిలిన చోట రంగు వెలిసి బిరుసెక్కితే, అంచు పోగులు లేచి ఉంటే మార్చాలి. ఒక్కసారి చప్పున లాగితే లాక్ పడాలి, వదిలితే బద్ధకం లేకుండా చుట్టుకోవాలి. మధ్య సీటుకి నడుము బెల్టే ఉంటే ఆ సీటు వాడకండి. బోల్టుల విషయం జాగ్రత్త. చాలా కంపెనీలు బెల్టులకు వాడేది 7/16 అంగుళాల యూఎన్ఎఫ్ మర, మామూలు మెట్రిక్ బోల్టు కాదు. దొరికిందేదో దూర్చి బిగిస్తే మర పోతుంది. పక్కనున్న రేకుకి కన్నం వేసి బెల్టు తగిలించే పని అస్సలు వద్దు.

సింగిల్ క్యాబ్‌లో వెనక అద్దం తలకు దగ్గర. తల ఆనే దిండు లేని బెంచి సీటు అయితే, అదే బండికి సరిపోయే దిండున్న సీట్లు వెతకండి.

మలుపులో_నెమ్మది

ఇంత చదివాక నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, కానీ మీరు చేస్తున్న తీరు నచ్చింది. ఒకటి కలుపుతాను. తొట్టిలో ఇసుక బస్తాలు వేసి బరువు పెంచాలనుకుంటే వెనక ఇరుసుకి నేరుగా పైన వేసి కదలకుండా కట్టండి. తొట్టి చివర వేస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. కట్టని బస్తా ప్రమాదంలో క్యాబ్ మీదికి వస్తుంది.

ఖాళీ మైదానం దొరికితే నేల తడిపి, నెమ్మది వేగంలో గట్టిగా బ్రేకు తొక్కించండి. ఏబీఎస్ లేని బండిలో చక్రం బిగుసుకుంటే స్టీరింగ్ తిప్పినా బండి నేరుగానే పోతుంది. కాలు కొద్దిగా వదిలితే మళ్లీ తిరుగుతుంది. అది తన కాలికి తెలియాలి.

గ్రీజుపానా

సైలెన్సరు సంగతి: ముట్టుకోకండి. టర్బో లేని డీజిల్‌కి శబ్దం తప్ప ఏమీ రాదు. పైపులో చిల్లుంటే మాత్రం వెంటనే మూయించండి, పొగ క్యాబ్‌లోకి వస్తుంది.

ఆ డబ్బు ఇంజను వాల్వులను సమయానికి నడిపే టైమింగ్ బెల్టు మీద పెట్టండి. ఎప్పుడు మార్చారో ఆధారం లేకపోతే మార్చలేదనే అనుకోండి. రేడియేటరు హోసులు, థర్మోస్టాటు కూడా అదే విడతలో.

రాతిబాట

అందరికీ చాలా కృతజ్ఞతలు. చాసిస్ చూశాం. ఎడమవైపు వెనక హ్యాంగర్ దగ్గర పెచ్చులు లేచాయి కానీ కింద ఇనుము గట్టిగా ఉంది. వెల్డరు కూడా చూసి పర్లేదన్నారు. కుడి వెనక వీల్ సిలిండరు తొడుగు ఎత్తగానే ఆయిల్ కారింది. టైర్లలో రెండిటికి మూడంకెలే ఉన్నాయి.

ఇద్దరం కూర్చుని మళ్లీ లిస్టు రాశాం. ముందు బ్రేకులు మొత్తం, కంపెనీ సైజులోనే కొత్త టైర్లు. తర్వాత బెల్టులు, సీటు. ఆ తర్వాత రిలే వైరింగు, టైమింగ్ బెల్టు. చివర్లో కమాన్లు. బీమా వాళ్లకు మార్పులన్నీ ముందే రాసి పంపుతాం. రంగు మాత్రం తనిష్టం. తొట్టి నీలం, క్యాబ్ తెలుపు అట.

నీలితొట్టి

15 అంగుళాల రిమ్ములు వదిలేశాను, లెక్కలమాస్టారు గారి లెక్క నేను కూడా వేసి చూశాను. సరిపోయింది.

సిలిండర్లు, షూలు, హోసులు వచ్చేశాయి. ఆదివారం బ్లీడింగ్, అంటే బ్రేకు పైపుల్లో గాలి తీయడం. ఏ చక్రంతో మొదలుపెట్టాలి? గాలి తీసే నిపిల్స్ తుప్పు పట్టి ఉన్నాయి, విరుగుతాయేమోనని భయంగా ఉంది.

డ్రమ్ముబ్రేకు

మాస్టర్ సిలిండరుకి అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి, దగ్గరగా ఉన్నదానితో ముగించు. ఆ కడ్డీ ఉన్న వాల్వుకి వేరే నిపిల్ ఉంటే అక్కడ కూడా గాలి తీయాలి. నాన్న పెడల్ తొక్కి పట్టుకున్నాక నువ్వు నిపిల్ వదులు చెయ్యి, బిగించాకే ఆయన కాలు తీయాలి. ఒకరు పిలవడం, ఇంకొకరు బదులు పలకడం తప్పకూడదు. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకు. రంగు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడుగు, పెయింటు ఊడిపోతుంది.

వెనక సిలిండర్లు కొత్తవే కాబట్టి నిపిల్స్ కూడా వాటితోనే వస్తాయి. భయం ముందు కాలిపర్ల దగ్గరే. శుక్రవారమే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచు. ఆరు మూలలూ పట్టే రింగు పానా వాడు, నోరు తెరిచి ఉండే డబల్ ఎండ్ పానా వేస్తే మూలలు అరిగిపోతాయి. ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి, తర్వాత వదిలే వైపు తిప్పు. కదలకపోతే బలం పెట్టకుండా ఇక్కడ ఫొటో పెట్టు, చూసి చెప్తాను.